ఒక్క పుస్తకమే కొనగలిగితే ఏది కొనాలి? వెటర్నరీ నర్సులకు, పశు ఆరోగ్య టెక్నాలజిస్టులకు రిఫరెన్స్ పుస్తకాలు

లేతగరిక:
అందరికీ నమస్కారం. నేను పశు ఆరోగ్య టెక్నాలజీ కోర్సులో రెండో ఏడాది చదువుతున్నాను. వచ్చే నెల నుంచి క్లినిక్‌లో పని నేర్చుకోవడానికి వెళ్ళాలి. అక్కడికి కుక్కలు, పిల్లులు, ఆవులు, అప్పుడప్పుడు గుర్రాలు కూడా వస్తాయట. మాకిచ్చిన పుస్తకాల జాబితాలో పద్నాలుగు పేర్లున్నాయి. అన్నీ కొనే స్థోమత నాకు లేదు. ఇప్పటికి ఒక్కటే కొనగలను, ఏడాది ఆగితే ఇంకొకటి.

మీరంతా పనిలో ఉన్నవాళ్ళు కాబట్టి అడుగుతున్నాను. రోజూ మీ చేతికి వచ్చే పుస్తకం ఏది? పాత ఎడిషన్ తీసుకుంటే నష్టమా? డాక్టర్ల కోసం రాసిన పుస్తకాలు మనకు పనికొస్తాయా, లేక మన కోసం రాసినవే చదవాలా?

రాత్రిడ్యూటీ:
అమ్మా లేతగరికా, ముందు నీ చివరి ప్రశ్నకు జవాబు చెప్తాను, మిగతావి దానిమీదే ఆధారపడి ఉన్నాయి.

నేను పదిహేడేళ్ళుగా ఎక్కువగా రాత్రి వార్డే చూస్తున్నాను. చేరిన కొత్తలో డాక్టర్ల మెడిసిన్ పుస్తకాలే గొప్పవని అవే తిరగేసేదాన్ని. వెన్ను దెబ్బతిని లేవలేని ఒక కుక్క వచ్చింది. ఆ పుస్తకంలో ఏ నరం దెబ్బతింటే ఏ లక్షణం, ఏ స్కాన్ తీయాలి, ఆపరేషన్ ఎప్పుడు చేయాలి, అన్నీ ఉన్నాయి. ఆ రాత్రి నేను చేయాల్సిన పని మాత్రం అందులో లేదు. ఎన్ని గంటలకోసారి పక్క మార్చాలి, మూత్రసంచి నిండిందో లేదో చేత్తో ఎలా చూడాలి, మోచేతి దగ్గర పుండు పడకుండా కింద ఏం వేయాలి, నోరు ఎండిపోతే ఏం చేయాలి. ఇవన్నీ మన కోసం రాసిన పుస్తకంలోనే దొరికాయి. డాక్టరు గారు చీటీ రాసి వెళ్ళాక మళ్ళీ వచ్చేవరకూ మధ్యలో ఉండే ఆ గంటలన్నీ మనవే. ఆ గంటల గురించి చెప్పే పుస్తకం మొదట కొనుక్కో.

పెద్ద పుస్తకాల్లో రెండు పేర్లు ఎక్కువగా వింటావు. మొదటిది మెకర్నిన్స్ క్లినికల్ టెక్స్ట్‌బుక్ ఫర్ వెటర్నరీ టెక్నీషియన్స్. 1985లో మొదటిసారి వచ్చింది, ఇప్పటి ఎడిషన్ పేరులో నర్సులనూ కలిపారు. రెండోది బీఎస్‌ఏవీఏ, అంటే బ్రిటన్‌లోని చిన్న జంతువుల వైద్యుల సంఘం వాళ్ళ టెక్స్ట్‌బుక్ ఆఫ్ వెటర్నరీ నర్సింగ్. రెండోదానిలో పక్క మీద ఉన్న జంతువును చూసుకునే పద్ధతి చాలా ఓపికగా రాశారు, కానీ అది ప్రధానంగా కుక్కలు, పిల్లులు, ఇంట్లో పెంచే చిన్న జంతువుల పుస్తకం. నీ దగ్గరికి ఆవులు, గుర్రాలు కూడా వస్తాయంటున్నావు కాబట్టి నీకు మొదటిదే సరిపోతుంది. పెద్ద పశువులను పట్టుకోవడం, కట్టడం, రక్తం తీయడం కూడా అందులో ఉన్నాయి.

గిట్టలచప్పుడు:
అక్క మాట కాదనను గానీ, నేనైతే ఒప్పుకోలేను. ఆ పెద్ద పుస్తకం బల్ల మీద పెట్టుకుని చదువుకోవడానికి బాగుంటుంది. నేను పనిచేసేది పాకల్లో, కళ్ళాల్లో. పేడ చేతులతో వెయ్యి పేజీలు ఎవరు తిప్పుతారు?

పెద్ద పశువుల విషయంలో ఆ పుస్తకాల్లో ఉండేది కొన్ని అధ్యాయాలే. ఈనిన రెండో రోజు ఆవు పడిపోయింది, తల పక్కకు తిప్పి డొక్కకు ఆనించుకుంది, చెవులు చల్లగా ఉన్నాయి, జ్వరం కాదు కదా ఒళ్ళు మామూలు కంటే చల్లబడింది. పాలజ్వరం అని అందరం అంటాం. పేరులో జ్వరం ఉంది గానీ రక్తంలో కాల్షియం పడిపోవడమే ఆ జబ్బు. డాక్టరు గారు నరానికి కాల్షియం పెట్టమంటారు. దాన్ని ఒంటి వేడికి తెచ్చి, నెమ్మదిగా ఎక్కిస్తూ, రెండో చేత్తో స్టెతస్కోపు గుండె మీద పెట్టి వినాలి. కొట్టుకోవడం తడబడినా, మరీ నెమ్మదించినా వెంటనే ఆపాలి. ఆవును పక్కకు పడుకోనివ్వకుండా రొమ్ము మీద కూర్చోబెట్టి, గడ్డి మూటలు ఆనించి నిలబెట్టాలి. ఇదంతా నాకు తెలిసింది పుస్తకంలోంచి కాదు, సీనియర్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని.

కాబట్టి నా సలహా: మెర్క్ వెటర్నరీ మాన్యువల్ దగ్గర ఉంచుకో. 1955 నుంచి వస్తోంది, అన్ని జాతులూ ఉన్నాయి. పుస్తకం కొనక్కర్లేదు కూడా, ఇంటర్నెట్‌లో మొత్తం ఉచితంగా చదవొచ్చు. ఉన్న డబ్బుతో నోట్‌బుక్ ఒకటి, మంచి స్టెతస్కోపు ఒకటి కొనుక్కో.

చిట్టికొమ్మ:
అన్నా, నాకు కనిపించింది ఎంఎస్‌డీ వెటర్నరీ మాన్యువల్. ఇదీ అదీ ఒకటేనా?

గిట్టలచప్పుడు:
ఒకటే తల్లీ. అమెరికా, కెనడాల్లో మెర్క్ పేరు, మిగతా దేశాల్లో ఎంఎస్‌డీ పేరు. లోపల సరుకు అదే. వృత్తిలో ఉన్నవాళ్ళ భాగం వేరు, యజమానుల కోసం తేలిక మాటల్లో రాసిన భాగం వేరు. రెండోది కూడా చదువు. కుక్క యజమానికి జబ్బు గురించి ఎలా చెప్పాలో నేను దాన్ని చూసే నేర్చుకున్నాను.

రాత్రిడ్యూటీ:
గిట్టలచప్పుడు గారూ, మీరు చెప్పిన పాలజ్వరం ఎంత బాగా రాశారంటే, అది చదివిన పిల్లకు రేపు చేయి వణకదు. కానీ మీకు పక్కన సీనియర్ ఉన్నారు. ఒక్కతే ఉన్న రాత్రి ఆ సీనియర్ స్థానంలో పుస్తకం కూర్చోవాలి. మెర్క్‌లో జబ్బు ఉంటుంది, చికిత్స ఉంటుంది. కాథెటర్ పెట్టిన కాలు వాస్తే ఏం చేయాలో వెతికి చూడండి, మన పుస్తకాలు చెప్పినంత విడమరిచి ఉండదు. అది డాక్టర్లను మనసులో పెట్టుకుని రాసిన పుస్తకం.

స్లైడుమీదచుక్క:
నేను ల్యాబ్ మనిషిని. మీ ఇద్దరి వాదనలో నా బల్ల కనిపించలేదు కాబట్టి రాస్తున్నాను.

మాటలు చదివి మైక్రోస్కోపు చూడటం ఎవరికీ రాదు. బొమ్మలున్న పుస్తకం కావాలి. రక్తంలో ఎర్ర కణం కుక్కలో గుండ్రంగా, మధ్యలో పాలిపోయి ఉంటుంది. పిల్లిలో చిన్నది, ఆ పాలిపోయిన మచ్చ అంతగా కనపడదు. ఒంటెలో కోలగా ఉంటుంది. పక్షిలో కోలగా ఉండటమే కాదు, లోపల కేంద్రకం కూడా ఉంటుంది. మొదటిసారి చిలుక రక్తం చూసిన రోజు ఇవన్నీ తెల్ల కణాలే అనుకుని లెక్క మొదలుపెట్టాను. బొమ్మల పుస్తకం పక్కన ఉంటే పది సెకన్ల పని, లేక గంట పోయింది.

పేడ పరీక్ష కూడా అంతే. బొమ్మల పుస్తకం కొనేటప్పుడు నేను చూసే మొదటి పేజీ గుడ్లది కాదు. గుడ్లు కానివాటి పేజీ. పుప్పొడి, గాలి బుడగ, మొక్కల వెంట్రుకలు, ధాన్యంలోని చిన్న పురుగుల గుడ్లు. కొత్తవాళ్ళు పొరబడేది వీటితోనే. ఆ పేజీ ఉన్న పుస్తకాన్ని రాసినవారు బల్ల దగ్గర కూర్చుని పనిచేసినవారని నమ్ముతాను.

ఇంకో మాట. గుడ్లు తేలే ద్రావణం గురించి ఆ పుస్తకం విశిష్ట సాంద్రత అంకెతో సహా చెప్తుందో లేదో చూడు. జింక్ సల్ఫేట్ 1.18, చక్కెర ద్రావణం దాదాపు 1.27. చక్కెరలో బరువైన గుడ్లు కూడా తేలతాయి, కానీ జియార్డియా అనే పేగుల పరాన్నజీవి సిస్టులు ముడుచుకుపోయి పోల్చుకోలేం. కాలేయపు జలగ గుడ్లు మామూలు ద్రావణాల్లో తేలవు, అడుగున పేరుకోనిచ్చి చూడాలి. 'పేడ పరీక్షలో ఏమీ లేదు' అని రాసేముందు ఏ పద్ధతిలో ఏమీ లేదో తెలిసుండాలి కదా.

లేతగరిక:
అందరికీ చాలా థ్యాంక్స్. ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. నాకు ఇంకో సందేహం. జాబితాలో మందుల పుస్తకం కూడా ఉంది. మందు రాసేది డాక్టరు గారు కదా, నేను రాయను. మరి మందుల పుస్తకం నాకెందుకు?

లెక్కతప్పొద్దు:
లేతగరిక గారూ, ఈ ప్రశ్న కోసమే లాగిన్ అయ్యాను.

రాసేది డాక్టరే. సిరంజిలోకి లాగేది నువ్వు. తప్పు జంతువు ఒంట్లోకి పోకుండా చూసే ఆఖరి కళ్ళు నీవి.

జైలజీన్ అనే మత్తుమందు సంగతి చెప్తాను. గుర్రానికి ఇచ్చే మోతాదులో దాదాపు పదో వంతే ఆవుకు సరిపోతుంది. నెమరేసే పశువులకు ఆ మందంటే అంత సున్నితం. పైగా అది 20 మిల్లీగ్రాముల సీసాలోనూ వస్తుంది, 100 మిల్లీగ్రాముల సీసాలోనూ వస్తుంది, అంటే ఒక్కో మిల్లీలీటరుకు. జాతి ఒకచోట, సీసా ఒకచోట తప్పితే యాభై రెట్లు. నేను కొత్తగా ఉన్నప్పుడు ఒక దూడకు కొమ్ము మొదలు కాల్చడానికి మత్తు సిద్ధం చేస్తూ, పేజీలో ఒక వరుస కిందకు జారి గుర్రం లెక్క చదివాను. పక్కనున్న నర్సు 'గట్టిగా చదువు' అంది. 'గుర్రాలు' అని నా నోటితో నేనే చదివి ఆగిపోయాను. ఆ దూడ బతికింది. ఇరవై ఏళ్ళయినా ఇప్పటికీ జాతి పేరు, మందు పేరు, సీసా బలం, లెక్క అన్నీ పైకి చదువుతాను. నా దగ్గర పని నేర్చుకునేవాళ్ళచేత కూడా చదివిస్తాను.

శాతాల్లో రాసిన మందులు ఇంకో ఉచ్చు. 2 శాతం లిగ్నోకెయిన్ అంటే మిల్లీలీటరుకు 2 మిల్లీగ్రాములు కాదు, 20. శాతాన్ని పదితో గుణించాలి. ఈ ఒక్క ముక్క ఏ పుస్తకంలో మొదటి పేజీల్లోనే ఉందో చూసుకో.

పుస్తకం పేరు అడిగితే ప్లంబ్స్ వెటర్నరీ డ్రగ్ హ్యాండ్‌బుక్. మందుల అసలు పేర్లు అక్షరక్రమంలో, ఒక్కో దాని కింద జాతివారీగా మోతాదులు, ఏ మందుతో కలపకూడదు, ఏ జాతికి ఇవ్వకూడదు. బీఎస్‌ఏవీఏ వాళ్ళ ఫార్ములరీ, అంటే మందుల మోతాదుల పుస్తకం, రెండు భాగాలుగా వస్తుంది. కుక్కలు, పిల్లులు ఒకటి, కుందేళ్ళు, పక్షులు, సరీసృపాల వంటివి ఇంకొకటి. ఇది చిన్నది, చేతిలో పట్టుకోవడానికి తేలిక. ఆవులు, గుర్రాలు ఉన్నచోట ప్లంబ్స్ కావాలి. చాలా క్లినిక్‌లలో మందుల అలమర దగ్గరే ఒక ప్రతి ఉంటుంది. అందుకే కొనేముందు నీ క్లినిక్‌కి వెళ్ళి చూడు. ఉంటే అదెలా వెతకాలో నేర్చుకుంటే చాలు, కొనక్కర్లేదు.

స్లైడుమీదచుక్క:
పైకి చదివే అలవాటు గురించి రాసినందుకు మీకు దండం. మా ల్యాబ్‌లోనూ మొదలుపెడతాను.

పాతసంచిక:
నాది వేరే దారి. నేను కొన్నవన్నీ సెకండ్‌హ్యాండ్ పాత ఎడిషన్లే. కుక్క ఎముకలు పదేళ్ళలో మారవు కదా. కొత్త ఎడిషన్ అంటే చాలాసార్లు బొమ్మలకు రంగులు వేయడమే. పిల్లా, ఒకటి కొత్తది కొనే డబ్బుకు మూడు పాతవి వస్తాయి. తీసుకో.

రాత్రిడ్యూటీ:
సగం నిజం. కానీ మిగతా సగం ప్రాణం మీదికి తెస్తుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను, ఏమనుకోకండి.

మత్తులో ఉన్న జంతువుకు సెలైన్ ఎంత ఎక్కించాలి? నేను చదివిన రోజుల్లో పుస్తకాలు కిలోకు గంటకు 10 మిల్లీలీటర్లనేవి. 2013లో ఆహా అనే అమెరికా జంతు ఆసుపత్రుల సంఘం, పిల్లుల వైద్యుల సంఘం కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో మొదలుపెట్టడానికి కుక్కకు 5, పిల్లికి 3 అన్నారు. నాలుగు కిలోల పిల్లికి లెక్కేయండి. గంటకు 40 ఎక్కడ, 12 ఎక్కడ! బయటికి తెలియని గుండె జబ్బున్న పిల్లికి ఆ పాత లెక్కతో ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అలాంటి పిల్లి ఆయాసపడటం నేను చూశాను. చూసినవాళ్ళు పాత ఎడిషన్ చాలంటే ఒప్పుకోలేరు.

గుండె ఆగినప్పుడు చేసే సీపీఆర్ కూడా అంతే. 2012కి ముందు జంతువులకు అందరూ ఒప్పుకున్న పద్ధతే లేదు, ఒక్కో పుస్తకం ఒక్కోటి చెప్పేది. 2012లో రికవర్ మార్గదర్శకాలు వచ్చాయి. నిమిషానికి 100 నుంచి 120 ఒత్తులు, ఛాతీ వెడల్పులో మూడో వంతు నుంచి సగం వరకు లోపలికి, రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి, శ్వాస గొట్టం వేశాక నిమిషానికి 10 శ్వాసలు. 2024లో మళ్ళీ సవరించారు. ఎక్కువసేపు సీపీఆర్ సాగితే ఎపినెఫ్రిన్ (అడ్రినలిన్) పెద్ద మోతాదు ఇవ్వొచ్చని 2012లో ఉండేది, 2024లో అది వద్దన్నారు. 2012 తర్వాత అచ్చయిన పుస్తకమే కదా అని నమ్మితే ఆ వాక్యం ఇంకా అందులోనే ఉంటుంది.

అందుకని లేతగరికా, పాతబడేవీ పాతబడనివీ విడదీసుకో. శరీర నిర్మాణం, పరాన్నజీవుల బొమ్మలు, పట్టుకునే పద్ధతులు, పళ్ళ లెక్క పాత పుస్తకంలో నిశ్చింతగా చదువు. మోతాదులు, సెలైన్, మత్తు, సీపీఆర్, టీకాల షెడ్యూలు పాతదానిలో చదవకు. నా పాత పుస్తకంలో ఆ అధ్యాయాల మొదటి పేజీలో ఎర్ర సిరాతో అడ్డంగా గీత గీసి 'ఇది కాదు' అని రాశాను. అర్ధరాత్రి కంగారులో వేరేవాళ్ళు తెరిచినా కనపడాలని.

పాతసంచిక:
ఎర్ర గీత ఆలోచన తట్టలేదు. సెలైన్ లెక్క మారిన సంగతి తెలుసు గానీ, నా పుస్తకంలో పాతదే ఉందన్న సంగతి మీరు రాశాక తెరిచి చూస్తే తెలిసింది. గీత గీసేశాను. మీ మాటే సరి.

కీబోర్డుచుక్క:
ఇన్ని పుస్తకాలు మోయడమెందుకు? అన్నీ ఫోన్‌లో ఉన్నాయి. పీడీఎఫ్‌లు కూడా దొరుకుతాయి, అడిగితే లింకులిస్తాను.

లెక్కతప్పొద్దు:
లింకులు వద్దు. దొంగ ప్రతులన్న మాట అలా ఉంచండి, మందుల పుస్తకం స్కాన్‌ను నమ్మడం జంతువుకు ప్రమాదం. అస్పష్టంగా స్కాన్ చేసిన పేజీలో ముందుగా మాయమయ్యేది చుక్క. .5 కాస్తా 5 అవుతుంది. అందుకే మనం చేత్తో రాసేటప్పుడు కూడా 0.5 అని ముందు సున్నా పెట్టాలి. 5.0 అని వెనక సున్నా పెట్టకూడదు, చుక్క కనపడకపోతే 50 అవుతుంది.

డబ్బు కట్టి వాడే యాప్‌లు, మెర్క్ వంటి ఉచిత సైట్లు వేరు. వాటిని నేనూ వాడతాను. సవరణలు వాటిలో త్వరగా వస్తాయి, ఆ మాట ఒప్పుకుంటాను.

రాత్రిడ్యూటీ:
ఫోన్‌లో అడిగినదే కనిపిస్తుంది. పుస్తకంలో అడగనిది కూడా పక్క పేజీలో కనిపిస్తుంది. నేను నేర్చుకున్నదాంట్లో సగం అలా పక్క పేజీలో కనపడిందే. పైగా అంటువ్యాధుల గదిలోకి ఫోన్ తీసుకెళ్ళి, అదే ఇంటికి పట్టుకెళ్ళడం నాకు ఇష్టం లేదు. కుక్కలకు వచ్చే పార్వో వైరస్ వస్తువుల మీద నెలల తరబడి బతుకుతుంది. మేం ఆ గది కోసం ముఖ్యమైన పట్టికలు రెండు ల్యామినేట్ చేయించి గోడకు అంటించాం, బ్లీచ్ నీళ్ళతో తుడిచేయొచ్చు.

ఫిల్ముగది:
ఎక్స్‌రే మాట ఎవరూ ఎత్తలేదు. పొజిషన్ల పుస్తకం విడిగా కావాలి, స్పైరల్ బైండింగ్‌ది అయితే మంచిది. బల్ల మీద తెరిచి పెడితే మూసుకోదు. ఒక్కో పేజీకి ఒక్కో పొజిషన్, పక్కనే జంతువు ఫొటో, దాని పక్కన వచ్చిన ఎక్స్‌రే. ఛాతీకి పూర్తిగా గాలి పీల్చినప్పుడు, పొట్టకు గాలి వదిలాక తీయాలని మనందరికీ నోటికి వచ్చు. కానీ పొట్ట ఉబ్బి మెలిపడిందన్న అనుమానంతో వచ్చిన పెద్ద కుక్కను ఏ పక్కకు పడుకోబెట్టాలో ఆ క్షణంలో గుర్తురాదు. కుడి పక్కకు. ఆ పేజీకి నేను దారం కట్టి ఉంచాను.

ఇలాంటి పుస్తకం కొనేది కాదు లేతగరికా, క్లినిక్ చేత కొనిపించేది.

లేతగరిక:
అందరి మాటా రాసుకుంటున్నాను. కానీ ఇంకో చిక్కు వచ్చింది. లైబ్రరీలో రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే పిల్లి గుండె వేగం ఒకదానిలో 120 నుంచి 140, ఇంకోదానిలో 140 నుంచి 220 అని ఉంది. రెండూ మంచి పుస్తకాలే. ఏది నమ్మాలి?

స్లైడుమీదచుక్క:
రెండూ నమ్మాలి, దేన్ని కొలిచారో తెలుసుకుని. నిశ్చింతగా ఉన్న పిల్లి వేరు, బుట్టలోంచి తీసి బల్ల మీద పెట్టిన పిల్లి వేరు. నీ చేతికి వచ్చేది రెండో పిల్లి. కాబట్టి పట్టిక పైనా కిందా ఉన్న చిన్న అక్షరాలు చదవకుండా అంకె తీసుకోకు.

జాతి మారితే అర్థమూ మారుతుంది. ఒంటి వేడి 38.5 డిగ్రీల సెల్సియస్ ఆవుకు ఆరోగ్యం. అదే అంకె కదలకుండా నిలబడ్డ గుర్రంలో కనిపిస్తే మళ్ళీ ఒకసారి చూడాలి, అది జ్వరానికి గడప.

రక్త పరీక్షల హద్దులు ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఆరోగ్యంగా ఉన్న జంతువుల్లో 95 శాతం వచ్చేలా ఆ హద్దులు గీస్తారు. అంటే ఆరోగ్యంగా ఉన్న ఇరవైలో ఒకటి హద్దు బయటే ఉంటుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు ఒకేసారి చేస్తే, ఏ జబ్బూ లేని కుక్కలో కూడా కనీసం ఒకటి హద్దు దాటే అవకాశం 64 శాతం. పైగా యంత్రం మారితే హద్దు మారుతుంది. పుస్తకంలో హద్దులు నేర్చుకోవడానికే. రిపోర్టు పక్కన పెట్టుకోవాల్సింది ఆ యంత్రం వాళ్ళిచ్చిన హద్దులే.

ఒక్కోసారి అంకె అసలు జంతువుదే కాదు. ఊదా మూత గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా ఉంచే ఈడీటీఏ కాస్త మామూలు గొట్టంలోకి పోతే కాల్షియం అడుగంటి, పొటాషియం ఆకాశానికి అంటుతుంది. కుక్క మాత్రం తోక ఊపుతూ నిలబడి ఉంటుంది. అప్పుడు పుస్తకం తెరవకు, రక్తం తీసినవాళ్ళను ఏ గొట్టం ముందు నింపారో అడుగు.

చిట్టికొమ్మ:
పళ్ళ లెక్క అని అక్క అన్నారు కదా. ఒక్కో పన్నుకు ఒక్కో అంకె ఇచ్చే ట్రయాడన్ నంబర్లు నాకు ఎంతకీ ఎక్కడం లేదు. తేలిక దారి ఉందా?

పాతసంచిక:
ఉంది. కోర పన్ను ఎప్పుడూ 04, మొదటి దవడ పన్ను ఎప్పుడూ 09. కుక్క అయినా, గుర్రం అయినా. ఈ రెండూ గుర్తుంటే మిగతావి అటూ ఇటూ లెక్కపెట్టుకోవడమే. కుక్కకు 42, పిల్లికి 30. పిల్లికి లేని పళ్ళ నంబర్లను వదిలేస్తారు గానీ ఉన్నవాటికి నంబరు మార్చరు. అందుకే పిల్లి పై దవడలో కోర తర్వాత 05 లేకుండా 06 వస్తుంది. ఇది నా అతిపాత పుస్తకంలోదే. ఇది మాత్రం మారలేదు!

నెమరు:
ఆలస్యంగా వచ్చాను. పుస్తకాల మాట అందరూ చెప్పారు, నేను భాష మాట చెప్తాను.

పుస్తకంలో మాస్టైటిస్ అని చదివి పాకలో నిలబడి మాస్టైటిస్ అంటే ఎదుటి మనిషి తలూపుతాడు, కానీ అందదు. పొదుగువాపు అంటే 'రెండు రోజుల నుంచి ఒక చన్ను గట్టిపడింది, పాలు విరిగినట్టు వస్తున్నాయి' అని మనం అడగనిది కూడా చెప్తాడు. గాలికుంటు, జబ్బవాపు, గొంతువాపు, పొట్ట ఉబ్బరం, నెమరు మానడం, ఈడ్చుకుపోవడం, మాయ పడకపోవడం, ఈ మాటలకు ఎదురుగా పుస్తకంలో పేరేమిటో నేనే రాసుకున్నాను. మొదటి ఏడాది ముప్పై మాటలు, ఇప్పుడు నాలుగు వందలు దాటాయి. జబ్బు పేరే కాదు, యజమాని నోటి నుంచి వచ్చే లక్షణం మాట కూడా. 'పశువు కుంగింది' అంటే ఏమిటో నీకు తెలియాలి.

దానికి తోడుగా పశువైద్య నిఘంటువు ఒకటి ఉంటే చాలు. బ్లాక్స్ వెటర్నరీ డిక్షనరీ 1928 నుంచి వస్తోంది. పెద్ద పుస్తకం చదువుతూ అర్థంకాని మాట వస్తే నిఘంటువులో చూసి, మన మాట నోట్‌బుక్‌లో రాసుకోవాలి. కొనలేకపోతే పర్లేదు, లైబ్రరీలో కూర్చుని రాసుకో.

గిట్టలచప్పుడు:
నెమరు గారూ, ఆ నోట్‌బుక్ ఎవరికైనా చూపిస్తారా? నేను మొదట్లో అన్నది నోట్‌బుక్ కొనమనే. మీరది ఎలా నింపాలో చెప్పారు.

నెమరు:
తప్పకుండా. ఫొటోలు తీసి విడిగా చర్చ మొదలుపెడతాను, అందరూ తమ మాటలు కలపండి.

రాత్రిడ్యూటీ:
లేతగరికా, కొనేముందు ఒక్క పరీక్ష. దుకాణంలోనో లైబ్రరీలోనో పుస్తకం వెనకున్న సూచిక తెరువు. నీకు నిజంగా వచ్చిన మూడు సందేహాలు వెతుకు. 'మూత్ర కాథెటర్ జాగ్రత్తలు', 'తినని పిల్లి', 'కట్టు కింద వాపు' లాంటివి. నిమిషంలో సరైన పేజీకి చేరితే అది నీ పుస్తకం. ఎంత మంచిదైనా సూచిక సరిగా లేకపోతే రాత్రి రెండింటికి అది ఇటుకరాయే.

లేతగరిక:
ఆరు వారాల తర్వాత మళ్ళీ వచ్చాను. అందరికీ చెప్పుకోవాలనిపించింది.

మెకర్నిన్స్ కొన్నాను, ఇప్పటిదానికి ముందు ఎడిషన్, సెకండ్‌హ్యాండ్. సూచిక పరీక్ష చేశాకే కొన్నాను. సీపీఆర్ అధ్యాయానికి ఎర్ర గీత గీసి, 2024 రికవర్ పట్టిక ప్రింటు తీసి ఆ పేజీలోనే అంటించాను. సెలైన్, మత్తు అధ్యాయాల అంకెలు కొత్త మార్గదర్శకాలతో పోల్చి పక్కన తారీఖు వేశాను. మందుల పుస్తకం క్లినిక్‌లో ఉంది. నోట్‌బుక్‌లో నెమరు గారి మాటలు ఎక్కించాను, నావి పదకొండు కలిశాయి.

పోయిన వారం మధుమేహం ఉన్న పిల్లికి ఇన్సులిన్ ఇవ్వాల్సి వచ్చింది. లెక్కతప్పొద్దు గారు చెప్పినట్టు సీసా మీదున్నది పైకి చదివాను. మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసా. చేతిలో సిరంజి మీద చదివితే 100 యూనిట్లది. పుస్తకం తెరిచి చూస్తే, ఆ సిరంజిలో 10 గీత వరకు లాగితే ఒంట్లోకి పోయేది 4 యూనిట్లే. డాక్టరు గారికి చూపించాను. ఆయన సిరంజి మార్పించి, ఇన్ని రోజులుగా షుగరు ఎందుకు దిగడం లేదో ఇప్పుడు అర్థమైందన్నారు. ఇంటి దగ్గర యజమాని ఏ సిరంజి వాడుతున్నారో కూడా ఫోన్ చేసి అడిగాం. వాళ్ళదీ అదే పొరపాటు. పాత మోతాదు ఇప్పుడు పూర్తిగా ఒంట్లోకి పోతుంది కాబట్టి, దాన్ని తగ్గించి మళ్ళీ మొదటి నుంచి లెక్కకట్టారు.

లెక్కతప్పొద్దు:
చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. తిరగేసి కూడా గుర్తుపెట్టుకో. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను 40 సిరంజిలో 10 గీతకు లాగితే 25 యూనిట్లు పోతాయి. అది ఇంకా ప్రమాదం. ఇంతకీ ఆ రెండు రకాల సిరంజిలు ఇంకా ఒకే డ్రాయరులో ఉన్నాయా?

లేతగరిక:
లేవండీ. ఎర్ర మూతవి, 40వి, ఇన్సులిన్ ఉన్న ఫ్రిజ్ పక్కనే పెట్టాం. నారింజ మూతవి వేరే గదిలోకి మార్చాం. ఫ్రిజ్ తలుపు మీద రెండింటి బొమ్మా గీసి అంటించాను.